కంట్లో టార్చి వేస్తే ఎడ్రినల్ సంగతి తెలుస్తుందా?

గది తలుపు వేసి, లైటు తీసేసి, అద్దం ముందు నిలబడాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఫోన్ టార్చిని కణత పక్క నుంచి కంటి మీదకు ఏటవాలుగా వేయాలి. కంటిపాప చప్పున ముడుచుకుని అలాగే నిలిస్తే ఎడ్రినల్ గ్రంథులు భేషుగ్గా ఉన్నట్టు. ముడుచుకున్నట్టే ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటే అవి అలిసిపోయినట్టు. ఈ పరీక్ష ఇప్పుడు ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది. దీనికి జోడీగా మరో నాలుగున్నాయి. పడుకుని లేచి బీపీ చూసుకోవడం, పొట్ట మీద గోటితో గీత గీసి రంగు చూడటం, రోజుకు మూడుసార్లు థర్మామీటరు పెట్టుకోవడం, నాలుక ఉప్పు మీదకు ఎంతగా పోతోందో గమనించుకోవడం. కాస్త ఖర్చు పెట్టగలిగిన వాళ్ల కోసం లాలాజలాన్ని గొట్టంలో పట్టి పంపే కిట్లు కూడా ఉన్నాయి.

విశాఖపట్నంలో సీతమ్మధార లాంటి పేటల్లో ఇలాంటి పరీక్షల మీదకు మనసు పోవడంలో వింతేమీ లేదు. స్టీల్‌ప్లాంటులో, పోర్టులో మూడు షిఫ్టుల్లో పనిచేసే ఊరిది. సి షిఫ్టు దిగి తెల్లారాక ఇంటికొచ్చి, అందరూ లేచే వేళకు కర్టెన్లు వేసుకుని పడుకునేవాళ్లున్న ఊరిది. అమెరికా వేళలకు పనిచేసే ఐటీ పిల్లలున్నారు. బీపీ, షుగర్ మాత్రలతో రోజు మొదలుపెట్టే రిటైరైన పెద్దలున్నారు. ‘ఒంట్లో సత్తువ లేదు, పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు, లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అనే మాట ఏ ఇంటి తలుపు తట్టినా వినిపిస్తుంది. ఆ నిస్సత్తువకు ఒక పేరు పెట్టి, దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినాలనే అనిపిస్తుంది.

అయితే ఈ పరీక్షల్లో ఒక్కదానిలోనే చెప్పుకోదగ్గ నిజముంది. మిగిలినవి ఎడ్రినల్ గ్రంథి గురించి నమ్మదగ్గట్టుగా చెప్పేదేమీ లేదు. ఆ ఒక్కటి కూడా జబ్బును నిర్ధారించలేదు. ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఎడ్రినల్ గ్రంథి నిజంగానే దెబ్బతిన్న మనుషులు మన మధ్య ఉన్నారు, వాళ్లలో కొందరి ప్రాణం సకాలంలో జరిగే ఒక రక్తపరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. టార్చి పరీక్ష వాళ్లకు ‘అంతా బాగుంది’ అని చెబితే జరిగే నష్టం పూడ్చలేనిది.

నాలుగైదు గ్రాముల గ్రంథి

రెండు మూత్రపిండాల నెత్తిన టోపీల్లా ఉండే గ్రంథులివి. ఒక్కోటి నాలుగైదు గ్రాములు తూగుతుంది. లోపలి భాగం ఎడ్రినలిన్‌ను తయారుచేస్తుంది. బయటి పొర నుంచి కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ వస్తాయి. రక్తంలో చక్కెర పడిపోకుండా, రక్తపోటు జారిపోకుండా, జ్వరమో గాయమో వచ్చినప్పుడు ఒళ్లు తట్టుకునేలా చూసేది కార్టిసాల్. ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపేది ఆల్డోస్టిరాన్.

కార్టిసాల్ ఎంత రావాలో ఎడ్రినల్ సొంతంగా నిర్ణయించుకోదు. మెదడులోని హైపోథాలమస్ కబురు పెడితే, దాని కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది రక్తంలో ప్రయాణించి ఎడ్రినల్‌ను తట్టి లేపుతుంది. కార్టిసాల్ చాలినంత చేరగానే పైన ఉత్తర్వులు తగ్గిపోతాయి. ఈ రాకపోకలకు ఒక దినచర్య ఉంది. కార్టిసాల్ తెల్లవారుజాము నుంచి పెరుగుతూ నిద్రలేచే వేళకు ఎత్తున ఉంటుంది, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. కాబట్టి గడియారం చూడకుండా తీసిన కార్టిసాల్ అంకెకు అర్థం లేదు. వరసగా సి షిఫ్టులు చేసి పగలు పడుకుంటున్న కార్మికుడికి ఈ లయ కాస్త జరుగుతుంది కూడా. అతను ఏ షిఫ్టులో ఉన్నాడో, ఎప్పుడు నిద్రలేచాడో డాక్టరుకు చెప్పకపోతే మామూలు ఫలితమే తప్పుగా కనిపించవచ్చు.

ఇంటి పరీక్షలన్నిటి వెనకా ఉన్న నమ్మకం ‘ఎడ్రినల్ ఫెటీగ్’. ఎక్కువకాలం ఒత్తిడికి గురైతే ఈ గ్రంథులు అలిసిపోయి కార్టిసాల్ తగ్గిస్తాయని, ఆ తగ్గుదల మామూలు రక్తపరీక్షకు అందదని 1998లో అమెరికాలో జేమ్స్ విల్సన్ అనే నేచురోపతీ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన భావన ఇది. బ్రెజిల్‌కు చెందిన ఫ్లావియో కాడెజియాని, క్లాడియో కేటర్ ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టి, పనికొచ్చే 58 అధ్యయనాలను పరిశీలించి 2016లో ఒక సమీక్ష ప్రచురించారు. ఎడ్రినల్ ఫెటీగ్ అనే జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. హార్మోన్ల వైద్యుల అంతర్జాతీయ సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ మాట కూడా అదే. నిజానికి పెద్ద జబ్బు చేసినప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఎడ్రినల్ మామూలు కంటే ఎక్కువ కార్టిసాల్ తయారుచేస్తుంది. మనిషి పడే నీరసం మాత్రం అబద్ధం కాదు. దాని కారణాన్ని వెతకాల్సిన చోట వెతకడం లేదన్నదే వైద్యుల బాధ.

ఒక్కో పరీక్షా ఏం చూస్తుంది?

కంటిపాప సంగతి ముందు. వెలుగు రెటీనాను తాకగానే కబురు మెదడుకు వెళ్లి, మూడో కపాల నాడి గుండా తిరిగొచ్చి, పాప చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది. ఈ దారిలో కార్టిసాల్ ప్రమేయం ఎక్కడా లేదు. పైగా నిలకడగా వెలుగు పడుతున్నప్పుడు కంటిపాప సన్నగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండటం ఆరోగ్యవంతుల్లోనూ సహజం. వయసు, షుగర్, కంటి చుక్కలు, ఎలర్జీ మాత్రలు, నిద్రలేమి, టార్చి ఎంత దూరంలో ఉంది అన్నవన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. పాప వణికిందని భయపడిన మనిషికి ఒంట్లో ఏ లోపమూ లేకపోవచ్చు.

పొట్ట మీద గీత పరీక్ష ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లది. ఎమిల్ సెర్జాన్ అనే ఫ్రెంచి వైద్యుడు దానికి ప్రాచుర్యం తెచ్చారు. గీసిన చోట ఎర్రబడకుండా తెల్లగా ఉంటే ఎడ్రినల్ బలహీనమని భావించారు. హార్మోనును కొలిచే సాధనాలు లేని రోజుల్లో వైద్యులు కంటికి కనిపించే గుర్తుల మీదే ఆధారపడ్డారు. చర్మపు రక్తనాళాలు ఒక్కొక్కరిలో ఒక్కోలా స్పందిస్తాయని తెలిశాక వైద్యం దాన్ని పక్కన పెట్టింది. థర్మామీటరుదీ అదే కథ. వేళను బట్టి, తాగిన టీని బట్టి, ఆడవాళ్లలో నెలసరి రోజులను బట్టి ఒంటి వేడి మారుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లోంచి ఒక గ్రంథి జాతకం చదవడం కుదరదు.

ఉప్పు విషయం వేరు. ఆల్డోస్టిరాన్ లేనివాళ్లు మూత్రంలో ఉప్పు పోగొట్టుకుంటారు, ఒళ్లు ఉప్పు కోసం అల్లాడుతుంది. దీనికి వైద్య చరిత్రలో గుండె పిండే ఉదాహరణ ఒకటుంది. 1940లో అమెరికాలో లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ అనే ఇద్దరు ఒక మూడున్నరేళ్ల బాబు కథ రాశారు. పసితనం నుంచీ వాడు ఉప్పు కోసం ఆరాటపడేవాడు, బిస్కట్ల మీది ఉప్పు నాకి వాటిని వదిలేసేవాడు, ఉప్పు డబ్బా కనిపిస్తే గుప్పిట్లో పోసుకుని తినేవాడు. వాణ్ని ఆసుపత్రిలో చేర్చి, అందరికీ పెట్టే మామూలు ఆహారం పెట్టారు. ఏడు రోజులకు ప్రాణం పోయింది. ఎడ్రినల్స్ పనిచేయకపోవడంతో ఆ ఉప్పే వాణ్ని అంతకాలం నిలబెట్టిందని తర్వాత అర్థమైంది. కానీ ఇదే గుర్తును తిరగేసి చదవకూడదు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం లేనిదే ముద్ద దిగని ఊళ్లో ఉప్పు ఇష్టం నాలుక అలవాటు మాత్రమే. అన్నంలో కలుపుకోవడం చాలక విడిగా ఉప్పు నోట్లో వేసుకోవడం కొత్తగా మొదలై, దాంతో పాటు బరువు తగ్గుతూ, వాంతులు అవుతూ ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పాల్సిందే.

ఇక కొంత నిజమున్నది బీపీ పరీక్ష. దీన్ని ఆసుపత్రుల్లోనూ చేస్తారు. పద్ధతి ఇది. అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. బీపీ చూసి రాసుకోవాలి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే తేడా ఉన్నట్టే లెక్క. ఎడ్రినల్ దెబ్బతిన్నవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది, ఎందుకంటే ఉప్పు పోతే దాని వెంట నీరూ పోతుంది. అయితే వైజాగ్ వేసవి ఉక్కలో చెమటలు కారి నీళ్లు తాగని మనిషికీ అలాగే పడిపోతుంది. బీపీ మాత్ర కాస్త ఎక్కువైనా, ప్రొస్టేట్ మాత్ర వాడుతున్నా, ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నా, రక్తహీనత ఉన్నా అంతే. కాబట్టి బీపీ పడిపోతే కారణం వెతకాలి. పడిపోలేదని ఎడ్రినల్ బాగున్నట్టు అనుకోవడానికీ లేదు.

లాలాజలం కిట్ల వెనక ఉన్న శాస్త్రం అసలైనదే. కార్టిసాల్ మితిమీరే కుషింగ్ జబ్బును అనుమానించినప్పుడు రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజలంలో కార్టిసాల్ చూడటం వైద్యులు ఒప్పుకున్న పరీక్ష. అదే లాలాజలాన్ని రోజుకు నాలుగుసార్లు పట్టి ‘గ్రంథి అలసట’ గ్రాఫు గీయడానికి మాత్రం ఆ ఒప్పుదల లేదు. తీసే తీరులోనే బోలెడు తేడాలు దొర్లుతాయి. చిగుళ్లలోంచి రక్తం వచ్చినా, చేతికి స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ అంటుకుని ఉన్నా, పొగ తాగినా అంకె మారుతుంది. గొంతు గరగరకు బుగ్గన పెట్టుకునే అతిమధురం కూడా లెక్క తప్పిస్తుంది. కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచి పొటాషియం పడగొడుతుంది. ‘ఎడ్రినల్ బలానికి’ అంటూ అదే అతిమధురాన్ని అమ్మడం మరీ విడ్డూరం.

లక్షకు 14 మంది

యూరప్ లెక్కల ప్రకారం ఎడ్రినల్ గ్రంథే పాడయ్యే అడిసన్ జబ్బు లక్ష మందిలో పది నుంచి పద్నాలుగు మందికి ఉంటుంది. సీతమ్మధార, అక్కయ్యపాలెం, మర్రిపాలెం చుట్టుపక్కల కలిపి లక్ష మంది ఒకేరోజు ఒక ఇంటి పరీక్ష చేసుకున్నారనుకుందాం. ఆ పరీక్ష నూటికి 90 సార్లు సరిగ్గా చెబుతుందని, లేని మంచితనాన్ని కూడా దానికి ఆపాదిద్దాం. జబ్బున్న 14 మందిలో 13 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 99,986 మందిలో దాదాపు 9,999 మందికి ‘నీకు తేడా ఉంది’ అని చెబుతుంది. అంటే భయపడిన పదివేల పైచిలుకు మందిలో నిజంగా జబ్బున్నది 13 మందికి. జబ్బు అరుదైనదైతే మామూలు పరీక్ష ఇలాగే చతికిలపడుతుంది. టార్చి పరీక్షకు ఆ 90 శాతం కూడా లేదు.

ఆ పదివేల మంది తర్వాత ఏం చేస్తారన్నదే అసలు ప్రమాదం. చాలామంది ఎడ్రినల్ సప్లిమెంట్ల వైపు వెళతారు. అమెరికాలో చీటీ లేకుండా దొరికే అలాంటి 12 సప్లిమెంట్లను ప్రయోగశాలలో పరీక్షించి, మాయో క్లినిక్ వైద్య పత్రికలో 2018లో ఫలితాలు ప్రచురించారు. పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోను ఉంది. ఏడింటిలో ఏదో ఒక స్టిరాయిడ్ హార్మోను ఉంది. సీసా మీద ఆ మాట లేదు. అలాంటి మాత్ర మింగిన మనిషికి మొదట్లో హుషారుగానే ఉంటుంది. వాడగా వాడగా సొంత గ్రంథి పని మానేసే ప్రమాదం ఉంది.

అరచేతి గీతల్లో నలుపు

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో ఈ గ్రంథుల జబ్బు మీద పుస్తకం రాస్తూ 11 మంది రోగులను వర్ణించారు. క్రమంగా సత్తువ జారిపోవడం, అన్నం సహించకపోవడం, చర్మం నల్లబడటం ఆయన గమనించిన గుర్తులు. చాలామందిలో కారణం క్షయ. మన దేశంలో ఇప్పటికీ ఎడ్రినల్ పాడవడానికి క్షయ ఒక ముఖ్య కారణంగానే ఉంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. అంతంతమాత్రంగా నడుస్తున్న గ్రంథి ఉన్నవాళ్లు ఆ మందు మొదలుపెట్టాక కుప్పకూలే అవకాశం ఉంది. అందుకే క్షయ చికిత్సలో ఉన్న మనిషి నీరసాన్ని ‘మందు వేడి’ అని కొట్టిపారేయకూడదు.

నల్లబడటం మన ఒంటి రంగులో పోల్చుకోవడం కష్టం. దాన్ని ముఖంలో కాదు, అరచేతి గీతల్లో, చిగుళ్లలో, బుగ్గల లోపలి వైపు, వేళ్ల కణుపుల మీద, పాత గాయం మచ్చల్లో చూడాలి. కార్టిసాల్ లేకపోవడంతో పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను ఎడతెగకుండా వదులుతుంది, దాంతో చర్మానికి రంగునిచ్చే కణాలు చెలరేగుతాయి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీకి 1947లో లండన్‌లో ఈ జబ్బును గుర్తించారు. ఆయన ఒంటి ఛాయను జనం ఎండ వల్ల వచ్చిన ఆరోగ్యమనుకునేవారు.

పిట్యూటరీ దెబ్బతిన్నా కార్టిసాల్ రాదు. అప్పుడు నలుపు ఉండదు. ప్రసవంలో విపరీతంగా రక్తం పోయిన తల్లుల్లో ఇది వస్తుంది. కాశ్మీర్‌లో జరిగి 2005లో వెలువడిన అధ్యయనం 20 ఏళ్లు దాటిన తల్లుల్లో సుమారు 3 శాతం మందిలో ఆ ఛాయలు కనిపించాయని చెప్పింది. పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, ఏళ్ల తరబడి నీరసం దాని లక్షణాలు. రక్తపింజరి కాటు నుంచి బయటపడినవాళ్లలో కూడా పిట్యూటరీ దెబ్బతిన్న ఉదంతాలు దక్షిణ భారతంలో, మయన్మార్‌లో నమోదయ్యాయి. ఈ పాత కథలేవీ టార్చికి తెలియవు. అడిగి తెలుసుకునే డాక్టరుకు తెలుస్తాయి.

మాత్ర ఆపిన మర్నాడు

అయితే మన మధ్య ఎక్కువగా కనిపించే ఎడ్రినల్ సమస్యకు అసలు కారణం వేరు. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, దురదలకు చీటీ లేకుండా వాడే స్టిరాయిడ్లు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఏదైనా మూడు నాలుగు వారాలకు మించి మింగితే పిట్యూటరీ ‘కార్టిసాల్ పుష్కలంగా ఉంది’ అనుకుని ఏసీటీహెచ్ ఆపేస్తుంది. ఎడ్రినల్ కుంచించుకుపోతుంది. మాత్ర అయిపోయిందనో, డబ్బులు లేవనో, లావైపోతున్నాననో ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో అవసరమైన కార్టిసాల్ ఉండదు. వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం వరుసగా వస్తాయి.

రంగు తేలడానికి రాసుకునే క్రీముల్లోనూ స్టిరాయిడ్లుంటాయి. దుర్వినియోగం చూసి కేంద్రం 2018లో అలాంటి 14 పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. ‘కీళ్ల నొప్పులకు మూలికల పొడి’ అని అమ్మే కొన్ని పొట్లాల్లో స్టిరాయిడ్ కలిపిన ఉదంతాలు కూడా దేశంలో పలుమార్లు బయటపడ్డాయి.

ల్యాబులో జరిగేది

తొలి మెట్టు ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో తీసే రక్తంలో కార్టిసాల్. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే అనుమానం గట్టిది. 15 దాటితే చాలావరకు భయం లేదు. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి గ్రంథి ఎంత స్పందిస్తుందో కొలుస్తారు. ప్రపంచమంతా వాడే సినాక్తెన్ మన దేశంలో సులువుగా దొరకదు. అందుకని ఇక్కడి హార్మోన్ల వైద్యులు ఆక్టన్ ప్రొలాంగేటమ్ అనే నిలవు ఏసీటీహెచ్‌తో ఆ పని నడిపిస్తున్నారు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కార్టిసాల్‌ను మోసే ప్రొటీను పెరిగి అంకె లేనిపోని ఎక్కువ చూపుతుంది, ఆ మాట ముందే చెప్పాలి. సోడియం, పొటాషియం పరీక్షలు ఏ వీధి ల్యాబులోనైనా జరుగుతాయి. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉంటే ఎడ్రినల్ మీద దృష్టి పడాలి. విశాఖలో 1923 నుంచి ఉన్న ఆంధ్ర వైద్య కళాశాలకు, దాని బోధనాసుపత్రి కేజీహెచ్‌కు హార్మోన్ల విభాగం ఉంది. సీతమ్మధార నుంచి సిటీ బస్సులో వెళ్లొచ్చేంత దూరమే.

ఇంటి పరీక్ష అనే ఆలోచనే తప్పని దీని అర్థం కాదు. బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు రెండు వందల మందికి పైగా రోగుల చేత నిద్రలేవగానే ఇంట్లో లాలాజలం పట్టించి, దానిలో కార్టిసాల్ రూపాంతరమైన కార్టిసోన్ ఎంతుందో ల్యాబులో కొలిచారు. ఎడ్రినల్ లోపాన్ని అది మంచి కచ్చితత్వంతో చెప్పిందని 2023లో ప్రచురించారు. అక్కడ ఇంట్లో జరిగింది నమూనా తీయడమే. కొలిచింది యంత్రం, ఎవరికి చేయాలో నిర్ణయించింది డాక్టరు. ముందుగానే అనుమానం ఉన్నవాళ్లకే చేశారు కాబట్టి పదివేల తప్పుడు భయాల బెడద లేదు. ఇలాంటి పరీక్ష మన దగ్గరకూ వస్తే, తెల్లారకముందే లేచి ఆసుపత్రి మెట్లెక్కలేని వృద్ధులకు ఎంతో మేలు.

అంతవరకు నీరసంగా ఉన్నవాళ్లు ఇంట్లో చేయదగిన పనులు కొన్నున్నాయి. మూడు నెలలుగా బరువు ఎంత తగ్గిందో రాసుకోవడం. లేచి నిలబడినప్పుడు బీపీ ఎంత పడుతోందో తేదీలతో సహా నమోదు చేయడం. గత ఏడాదిలో వాడిన ప్రతి మాత్ర, పొడి, ఇన్‌హేలరు, ఆయింట్‌మెంట్ ఖాళీ అట్టలను ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టడం. మొదట హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 చూపించుకోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నీరసానికి కారణం వెతికేవాళ్లు మొదట తట్టాల్సిన తలుపు అది. షిఫ్టు ఉద్యోగులు నిద్ర గంటలను, గురకను కూడా డాక్టరుకు చెప్పాలి.

ఎడ్రినల్ లోపం ఉందని ఇప్పటికే తేలినవాళ్లు, చాలాకాలంగా స్టిరాయిడ్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి రాసిన చీటీని జేబులో ఉంచుకోవాలి. జ్వరం వస్తే మాత్ర మోతాదు ఎంత పెంచాలో ముందే డాక్టరును అడిగి రాయించుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆ చీటీతో అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడ ఆలస్యం లేకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సెలైన్ పడితే కొన్ని గంటల్లోనే మనిషి తేరుకుంటాడు.